పాఠశాల చిహ్నమును దేనిపై కుట్టింపవలెను?

రాబోవు సంవత్సరము మొదలుకొని మన విద్యార్థుల చొక్కాయలపై పాఠశాల చిహ్నమును యంత్రముచేత దారముతో కుట్టింపవలెనని కొందఱు తల్లిదండ్రులును ఉపాధ్యాయులును కోరుచున్నారు. పిన్నుతో తగిలించు రేకు బ్యాడ్జీలు ఆటస్థలములో రాలిపోవుచున్నవనియు, అచ్చువేసిన రంగు నాలుగు ఉతుకులకే పెచ్చులూడుచున్నదనియు వారు చెప్పు మాట సత్యమే. దారపు కుట్టు అందమైనది, మన్నిక గలది. ఆ కోరికను నేను కాదనను. అయితే చిహ్నమును చొక్కాయమీదనే కుట్టించుటకంటె వేఱొక గుడ్డముక్కపై కుట్టించి, ఆ ముక్కను విద్యార్థికిచ్చి, చొక్కాయకు ఇంటివద్ద కుట్టుకొనుమనుట మేలని నా అభిప్రాయము. చిత్రలేఖనము నేర్పువాడనగుటచే ఈ యంత్రములు పనిచేయు తీరును పలుమాఱులు దగ్గఱ నిలిచి చూచితిని. ఆ తీరు తెలిసినచో నా అభిప్రాయమునకు గల కారణములు చదువరులకు తామే తోచును.

ఈ యంత్రము నిన్న మొన్న పుట్టినది కాదు. 1828వ సంవత్సరమున ఫ్రాన్సు దేశములోని మ్యులూజ్ పట్టణమున జోస్వే హైల్మన్ అను నాతడు చేతితో నడపు ఎంబ్రాయిడరీ యంత్రమును కల్పించెను. అందలి సూదులు రెండు కొసలను మొనగలవై, నడుమ బెజ్జము గలవై యుండెడివి. గుడ్డకు ఇరుప్రక్కల నిలిచిన పటకారులు వానిని అటునిటు అందుకొనుచుండెడివి. పనివాడు ఆఱురెట్లు పెద్దదిగా గీసిన బొమ్మపై ఒక ములికిని కుట్టు వెంబడి కుట్టుగా నడపగా, గుడ్డను బిగించిన చట్రము అందు ఆఱవవంతు దూరము కదలెడిది. స్విట్జర్లాండులోని సెయింట్ గాలెన్ ప్రాంతము ఇట్టి యంత్రములతో లోకప్రసిద్ధి గాంచెను. 1863లో ఆ దేశీయుడగు ఇజాక్ గ్రోబ్లి కుట్టుమిషను పద్ధతిని దీనికి చేర్చి, ముందువైపున నొక దారమును, వెనుక పడవయాకారము గల నాడెలో మఱియొక దారమును నడచునట్లు చేసెను. ఆ నాడెను బట్టియే దానికి ‘షిఫ్లి’, అనగా చిన్నపడవ, అను పేరు వచ్చెను. 1898లో ఆయన కుమారుడు రంధ్రములు పొడిచిన అట్టలచే యంత్రము తనంత తాను నడచునట్లు చేయగా, ములికిని నడపు మనిషితో పని లేకపోయెను. 1980 ప్రాంతమున అట్టల స్థానమునకు కంప్యూటరు వచ్చెను. అయినను కుట్టుటకు బొమ్మను సిద్ధపఱచు పనిని నేటికిని ‘పంచింగు’ అనియే పనివాండ్రు కొందఱు పిలుచుచున్నారు. రంధ్రములు పోయినవి, పేరు మాత్రము మిగిలినది.

నాటికిని నేటికిని మాఱనిది ఒకటి కలదు. చేతిపనిలో గుడ్డ నిలిచియుండ సూది తిరుగును. ఈ యంత్రములో సూది తన చోటనే పైకిని క్రిందికిని ఆడుచుండ, చట్రములో బిగించిన గుడ్డయే నాలుగు దిక్కులకు కదలును. మన పట్టణములలో పెండ్లి రవికెలకు పూలును నెమళ్లును కుట్టు కంప్యూటరు ఎంబ్రాయిడరీ దుకాణములలో నున్నదియు ఈ యంత్రమే. ఒక్కొక్క తలకు పండ్రెండో పదునైదో సూదులుండును. ఒక్కొక్క సూదికి ఒక్కొక్క రంగు దారము. నిమిషమునకు 600 మొదలు 1000 వరకు కుట్లు పడును. (పెండ్లి ముహూర్తముల నెలలో బడిపని పట్టుకొని పోయినవారికి ఆ దుకాణదారులు ఎట్టి సమాధానము చెప్పుదురో వేఱుగ వ్రాయ నక్కఱలేదు.)

ఇంత వేగము గల యంత్రమునకు బొమ్మ యన నేమో తెలియదు. ఇంత ప్రక్కకు, ఇంత పైకి, సూది దింపుము. ఇదియే దానికి తెలిసిన భాష. జపాను దేశపు తజిమా సంస్థ యంత్రములతో వ్యాపించిన డి.ఎస్.టి. అను ఫైలులో ఒక్కొక్క కుట్టును మిల్లీమీటరులో పదియవవంతు కొలతతో వ్రాసియుంతురు. కావున పాఠశాల చిహ్నము ఫోటోను దుకాణమువాని చేతిలో పెట్టినంతమాత్రమున కుట్టు సిద్ధము కాదు. ఒక నేర్పరి కంప్యూటరు ముందు కూర్చుండి, సన్నని గీతకు ఏ కుట్టు, అక్షరమునకు ఏ కుట్టు, వెడల్పైన భాగమును నింపుటకు ఏ కుట్టు, ఏది ముందు, ఏది వెనుక అని యొక్కొక్కటియు నిర్ణయింపవలెను. పైకి కనబడు దారము క్రింద పునాదివలె పలుచని కుట్లు మొదట వేయవలెను; లేనిచో పై దారము గుడ్డలోనికి క్రుంగిపోవును. మఱియు బిగువుగల దారము గుడ్డను తనవైపునకు లాగును. గుండ్రని దీపమండలమును అడ్డకుట్లతో నింపినచో, అది అడ్డముగా ముడుచుకొని కోడిగ్రుడ్డువలె నిలువుగా వచ్చును. అది తెలిసినవాడు మొదటనే అడ్డమున నించుక వెడల్పుగా గీయును. గుండ్రముగా కనబడవలెనన్న గుండ్రము కానిదానిని గీయవలెను! చిత్రలేఖనపు తరగతిలో నేను చెప్పు పాఠమునకు ఇది విరుద్ధమే, కాని దారము విషయమున ఇదియే న్యాయము.

ఇక మన చిహ్నమును చూడుడు. డాలు, అందు తెరచిన గ్రంథము, దీపము, తాటిచెట్టు, క్రింద వంపుపట్టీలో తెలుగు అక్షరములతో ఆదర్శవాక్యము. కాగితముపై నిది ముచ్చటగా నున్నది. దారము మాట వేఱు. సామాన్యముగా వాడు దారముతో అక్షరపు కఱ్ఱ స్పష్టముగా రావలెనన్న దాని వెడల్పు ఒక మిల్లీమీటరైన నుండవలెను. అక్షరములోని ఖాళీయు ఇంచుమించు అంతే యుండవలెను. ఆంగ్లపు పెద్ద అక్షరములు 5 మిల్లీమీటర్ల ఎత్తున చదువ వీలుగా వచ్చును. మన ‘జ్ఞ’కారము అట్లు వచ్చునా? సున్న చుట్టు, క్రిందనొక ఒత్తు, వీనియన్నిటికి ఆ 5 మిల్లీమీటర్లలోనే చోటు దొరకవలెను. ఒత్తు ముద్దయై, సున్న పూడిపోవును. నేను చూచిన యొక పాఠశాల చొక్కాయపై విద్య అను మాట విద అని చదువబడుచుండెను! కావున వాక్యమును జేబు చిహ్నమునుండి తొలగించి, తాటియాకులను పదునాఱింటికి బదులు ఆఱింటికి తగ్గించి, డాలు నేలను దారముతో నింపక గుడ్డ రంగునే నేలగా వదలవలెనని కోరుచున్నాను. ఆదర్శవాక్యము భవనముపైనను, ఈ సంచిక ముఖపత్రముపైనను నిండుగా నుండనే యున్నది.

కుట్ల సంఖ్య తగ్గుట యన వెల తగ్గుట. ఏలయన ఈ పనికి రెండు విధముల మూల్యమిత్తురు: బొమ్మను కుట్లుగా మార్చినందుకు ఒకమాఱు, ఆపైన వేయి కుట్లకింత యని ప్రతి ముక్కకు. మన చిహ్నము 6000 కుట్లని యనుకొందము. నిమిషమునకు 750 చొప్పున 8 నిమిషములు. 400 మంది విద్యార్థులకు తలకు రెండు చొక్కాయలైనచో 6400 నిమిషములు, అనగా ఒక తల గల యంత్రమునకు 106 గంటల పైమాట. ఇది సూది ఆడు కాలము మాత్రమే. ప్రతి చొక్కాయను విప్పి, వెనుక కాగితమువంటి గట్టి పొర వేసి, వంకర లేకుండ చట్రమున బిగించి, పని ముగిసినపిమ్మట విప్పి, దారపు కొసలు కత్తిరించు మనిషి శ్రమ వేఱు. జేబుపైననే కుట్టవలెనన్న మఱియొక చిక్కు. కుట్టియున్న జేబుపై సూది పడినచో జేబు మూతిపడి కలము దూరదు. జేబు అతుకకముందే దాని గుడ్డపై కుట్టవలెను. సిద్ధముగానున్న చొక్కాయ కొనువారికి అది సాధ్యము కాదు.

గుడ్డముక్కలైనచో పెద్ద చట్రమున ఒకేమాఱు బిగించిన గుడ్డపై వరుసగా పెక్కు చిహ్నములు కుట్టి, అంచుల నిండ దారము చుట్టి, కత్తిరించి తీయవచ్చును. నడుమ సూది విఱిగి యొకటి చెడినను పోవునది జానెడు గుడ్డ. చొక్కాయపై చెడినచో చొక్కాయయే పోవును. కుట్లు విప్పినను సూది పోట్లు మానవు. క్రొత్త నూలుగుడ్డ మొదటి ఉతుకున కుదించుకొనును, పాలియెస్టరు దారము కుదించుకొనదు. అందుచే చిహ్నము చుట్టును ముడుతలు పడిన చొక్కాయలు మీరు చూచియే యుందురు.

కాని నాకు వీనియన్నిటికంటె పెద్దదిగా తోచు కారణము వేఱు. చిహ్నము చొక్కాయమీదనే యున్నచో, చిహ్నము కుట్టు దుకాణముననే చొక్కాయ కొనవలసి వచ్చును. సంతలో తక్కువ వెలకు దొరకు తెల్లచొక్కాయ పనికిరాదు. మేనమామ దసరాకు కొనిపెట్టినది పనికిరాదు. కుట్టుమిషనుపై తల్లి స్వయముగా కుట్టినది పనికిరాదు. మన విద్యార్థులలో ఎందఱి తండ్రులు దినకూలికి పోవుచున్నారో మన ఉపాధ్యాయులకు తెలియును. ఏడాదికి రెండు చొక్కాయలని మనము సులువుగా అనుచున్నాము. ఇంట ముగ్గురు చదువుచున్నచో అవి ఆఱగును. చొక్కాయ మోచేతివద్ద చిఱుగును, మెడపట్టీ వద్ద అఱుగును, చిహ్నమునకేమియు కాదు. చిఱిగిన చొక్కాయతో పాటు చెక్కుచెదరని చిహ్నమును పాఱవేయుట న్యాయమా? గుడ్డముక్కను విప్పి క్రొత్త చొక్కాయకు కుట్టుకొనవచ్చును. అన్న పదవ తరగతి ముగించి పోవునప్పుడు తమ్మునికిచ్చి పోవచ్చును.

చొక్కాయపై కుట్టినదే నునుపుగా నుండుననియు, పిల్లలు ముక్కను కుట్టుకొనక జేబులో వేసికొని వత్తురనియు ఒక పెద్దమనిషి నాతో వాదించెను. నునుపు మాట నేనొప్పుకొందును. గుడ్డముక్క ఒకింత దళసరిగానే యుండును. రెండవదానికి సమాధానము మన కుట్టుపని తరగతియే. జూన్ నెలలో ఒక గంట కేటాయించినచో బాలురును బాలికలును తమ చిహ్నమును తామే కుట్టుకొందురు. బాలురకు సూదిపని తగదనువారు దర్జీ ఎవరో యొకమాఱు జ్ఞప్తికి తెచ్చుకొనవలెను.

పాఠశాలవారికి ఒక మనవి. బొమ్మను కుట్లుగా మార్చినందుకు సొమ్మిచ్చినపుడే ఆ ఫైలును పాఠశాలకు ఇచ్చివేయవలెనని ముందుగా వ్రాయించుకొనవలెను. అది దుకాణమువాని వద్దనే యుండిపోయినచో మఱుసటి సంవత్సరము అతడు చెప్పినదే వెల. ఫైలుతోపాటు దారపు రంగుల సంఖ్యలను ఒక కాగితముపై వ్రాయించుకొనుట మఱువరాదు; డి.ఎస్.టి. ఫైలులో రంగు మార్చవలసిన చోటు మాత్రమే యుండును గాని ఏ రంగో యుండదు. మొదట ఒక ముక్కను కుట్టించి, పదిమాఱులు ఉతికించి చూచిన పిమ్మట తక్కినవి కుట్టింపవలెను.

తల్లులకు ఒక మాట. క్రొత్త చొక్కాయను ఒకమాఱు ఉతికి ఆఱిన తరువాతనే ముక్కను కుట్టుడు. జేబు లోపల ఒక అట్టముక్క పెట్టుకొనినచో సూది జేబు గుడ్డను దాటి చొక్కాయను పట్టుకొనదు. దారము బిగింపక, అంచు వెంబడి చిన్నచిన్న కుట్లు వేయుడు. విప్పునపుడు సులువుగా వచ్చును.