లెక్కకు రాని నర్సుల ఏళ్లు

అండమాన్ రాజధానిలో జీబీ పంత్ ప్రభుత్వ ఆసుపత్రి ఉంది, నౌకాదళ ఆసుపత్రి ఐఎన్‌హెచ్‌ఎస్ ధన్వంతరి ఉంది. మొదటి దానిలో పదేళ్లు పనిచేసిన నర్సు సైనిక నర్సింగ్ సర్వీసుకు ఎంపికైతే ఆమె ర్యాంకు లెఫ్టినెంట్. నిన్న డిగ్రీ పూర్తిచేసిన అమ్మాయిదీ అదే ర్యాంకు.

2023 షార్ట్ సర్వీస్ కమిషన్ ప్రకటన 35 ఏళ్ల వరకు వయసును అనుమతించింది. అంటే అనుభవజ్ఞులు రావచ్చు, వారి అనుభవం మాత్రం రాకూడదు! పీజీ చేసిన సైనిక వైద్యులకు సీనియారిటీ కలుపుతారు. అమెరికా సైన్యం నర్సుల పూర్వానుభవాన్ని సర్వీసుగా లెక్కించి ప్రవేశ ర్యాంకు నిర్ణయిస్తుంది.

చదువు ముగియగానే ఇల్లు నడపాల్సింది ఎవరు? దళిత, నికోబారీ, వలస కూలీ కుటుంబాల తొలితరం పట్టభద్రులు. ముందు సంపాదించి, తర్వాత కమిషన్ గురించి ఆలోచించేది వారే. అందుకే అందరికీ ఒకటేనన్న నిబంధన బరువు వారి మీదే ఎక్కువ.

పెళ్లి చేసుకున్నందుకు తొలగించిన సైనిక నర్సుకు రూ.60 లక్షలు చెల్లించాలని 2024లో సుప్రీంకోర్టు ఆదేశించింది. ప్రతి హక్కుకూ కోర్టు మెట్లెక్కాలా? ధ్రువీకరించిన ఆసుపత్రి అనుభవాన్ని సీనియారిటీలో కలుపుతూ రక్షణశాఖ స్పష్టమైన సూత్రం ప్రకటించాలి. సేవను పొగిడితే చాలదు, లెక్కించాలి.