సరిహద్దు దాటితే ఇల్మ్ చెల్లదా?

అమెరికాలో టెక్సాస్ డ్రైవింగ్ లైసెన్సుతో కాలిఫోర్నియా దాకా కారు నడుపుకుంటూ పోవచ్చు. ఎవరూ రోకరు. మనసు జఖమ్‌కు మర్హమ్ రాసే కౌన్సిలర్ మాత్రం రాష్ట్రం మారితే అజ్నబీ అయిపోతారు. వీడియోలో మాట్లాడినా అంతే. పేషెంట్ ఆ పూట ఏ రాష్ట్రంలో కూర్చున్నారో, సాధారణంగా అక్కడి ఇజాజత్ ఉండాల్సిందే.

మా ఖాందాన్‌లో ఒక ఆపా ఉంది. అక్కడే మాస్టర్స్ చేసి, సూపర్‌వైజర్ కింద వేల గంటలు పనిచేసి లైసెన్సు తెచ్చుకుంది. భాయిజాన్ ప్రాజెక్టు మారింది, రాష్ట్రం మారింది. కొత్త బోర్డు పాత గంటల హిసాబ్ మళ్లీ అడిగింది. సంతకం పెట్టాల్సిన సూపర్‌వైజర్ ఎప్పుడో రిటైరయ్యారు. ఎనిమిది నెలలు ఖాళీగా కూర్చుంది.

నా ఫికర్ ఆమె జీతం గురించి కాదు. ఆమె దగ్గర తెలుగులోనో ఉర్దూలోనో దిల్ విప్పుకున్న ఆడవాళ్లు ఏమైపోవాలి? కడుపులో దాచుకున్న దర్ద్‌ను ఇంగ్లీషులోకి తర్జుమా చేసి చెప్పుకోవాలంటే సగం నాలుక మీదే ఆగిపోతుంది. మన జబాన్ తెలిసిన కౌన్సిలర్లే అక్కడ తక్కువ.

రాష్ట్రాల వాదనలో వజన్ లేకపోలేదు. డాక్టర్లకు లైసెన్సు ఉండాలన్న వెస్ట్ వర్జీనియా చట్టం చెల్లుతుందని 1889లోనే సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. నకిలీల నుంచి అవామ్‌ను కాపాడాలి కదా! పైగా చట్టాలూ ఒకటి కావు. పేషెంట్ ఎవరినైనా చంపుతానంటే ఆ మనిషిని కాపాడే బాధ్యత థెరపిస్టుదేనని 1976లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు టరాసాఫ్ కేసులో చెప్పింది. టెక్సాస్ సుప్రీంకోర్టు 1999లో ఆ దారి పట్టలేదు. ఈ ఫరక్ తెలియకుండా అక్కడ కుర్చీ వేసుకుని కూర్చోకూడదు. ఒప్పుకుంటాను.

మరి ఆ రాష్ట్ర కానూన్ మీద పరీక్ష పెట్టండి. పాత కేసులేమైనా ఉన్నాయేమో పాత బోర్డును అడగండి. కానీ ఒకసారి లెక్కపెట్టిన గంటల్ని మళ్లీ ఎందుకు లెక్కపెట్టడం? డిప్రెషన్ రాష్ట్రానికో రకంగా ఉంటుందా?

దారి లేదనీ కాదు. సైకాలజిస్టులకు సైప్యాక్ట్ అనే ఒప్పందం ఉంది. దాంతో 2020 నుంచి సభ్య రాష్ట్రాల పేషెంట్లను వీడియోలో చూస్తున్నారు. కౌన్సిలర్ల ఒప్పందానికి కావలసిన పది రాష్ట్రాలు 2022లోనే కుదిరినా, ఇజాజత్‌లు ఇవ్వడం మొదలయ్యేసరికి 2025 వచ్చింది. అదీ గుప్పెడు రాష్ట్రాలతోనే. ఇంత సబర్ దిల్ బేజారైనవాళ్లకు ఎక్కడిది?

2023 జనవరిలో అమెరికా ప్రభుత్వం ఇంకో పని చేసింది. ఫౌజీలు ఆర్డర్ల మీద రాష్ట్రం మారితే వాళ్లకూ, వాళ్ల భార్యాభర్తలకూ ఉన్న ప్రొఫెషనల్ లైసెన్సులు కొత్తచోటా చెల్లేలా చట్టం మార్చింది. మంచిదే. అయితే సిపాయి భార్యకు వచ్చిన ఇల్మ్ సరిహద్దు దాటగలిగినప్పుడు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగి భార్యది ఎందుకు దాటలేదు? బదిలీ ఇద్దరికీ మజ్‌బూరీయే.

అక్కడ ఓటు హక్కున్న మన తెలుగువాళ్లు వీసాల గురించి ఎంత గట్టిగా మాట్లాడతారో, తమ రాష్ట్ర శాసనసభ్యుల్ని ఈ సవాల్ కూడా అంత గట్టిగా అడగాలి. లైసెన్సు పేషెంట్ హిఫాజత్ కోసం పుట్టింది. అదే పేషెంట్‌ను నడిమధ్యలో వదిలేయమంటే అది ఇన్సాఫ్ కాదు.