సస్యరక్షణ సిఫారసులలో యాంటీబయోటిక్‌లకు ఇక చోటు వద్దు

గుంటూరు, ప్రకాశం జిల్లాల రైతుకు నిరోధక శక్తి అంటే ఏమిటో ఎవరూ చెప్పనక్కరలేదు. 1987-88లో పత్తిపై తెల్లదోమ, శనగపచ్చ పురుగు విజృంభించినప్పుడు సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు ఎన్నిసార్లు కొట్టినా పురుగు లొంగలేదు. పెట్టుబడి మట్టిపాలై, అప్పులు తీర్చలేక రైతులు ప్రాణాలు తీసుకున్నారు. తరువాత వచ్చిన బీటీ పత్తిని గులాబీరంగు పురుగు తట్టుకోవడం నేర్చింది. ఒకే మందును పదేపదే వాడితే దానికి లొంగని జీవులే మిగిలి సంతతిని పెంచుకుంటాయి. ఈ సూత్రం బాక్టీరియాకూ వర్తిస్తుంది.

నేడు ఆసుపత్రుల ఇంటెన్సివ్ కేర్ విభాగాలలో జరుగుతున్నది ఇదే. వెంటిలేటరుపై ఉన్న రోగికి క్లెబ్సియెల్లా, అసినెటోబాక్టర్ వంటి బాక్టీరియా సోకినప్పుడు మెరోపెనెమ్ వంటి బలమైన మందులు సైతం అనేక సందర్భాలలో విఫలమవుతున్నాయి. చివరకు కొలిస్టిన్‌ను ఆశ్రయించవలసి వస్తున్నది. 2022లో లాన్సెట్ పత్రిక ప్రచురించిన అంచనా ప్రకారం, మందులకు లొంగని బాక్టీరియా వల్ల నేరుగా 2019లో ప్రపంచవ్యాప్తంగా 12.7 లక్షల మంది మరణించారు.

ఇందులో పెద్ద వాటా వైద్యరంగంలోని అనవసర వాడకానిదే, సందేహం లేదు. అయినా మన వాటాను మనం కాదనలేము. మిరపలో బాక్టీరియా ఆకుమచ్చకు, పత్తిలో నల్లమచ్చ తెగులుకు 10 లీటర్ల నీటికి 30 గ్రా. కాపర్ ఆక్సీక్లోరైడ్, 1 గ్రా. పౌషామైసిన్ లేదా ప్లాంటోమైసిన్ కలిపి పిచికారీ చేయాలన్నది మన పాత సిఫారసు. ఈ మందులలో ఉన్నది తొమ్మిది పాళ్లు స్ట్రెప్టోమైసిన్, ఒక పాలు టెట్రాసైక్లిన్. మొదటిది క్షయరోగులను బతికించిన మందు. రెండవదాని కుటుంబంలో తొలి మందు ఆరియోమైసిన్, భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు గారు పరిశోధనలకు నాయకత్వం వహించిన లెడర్లీ సంస్థ నుండే 1948లో వెలువడింది.

ఎకరానికి 20 గ్రాముల మందు ఆసుపత్రిలోని రోగిని ఏమి చేస్తుందని కొందరు ప్రశ్నిస్తారు. పిచికారీ చేసిన మందంతా తెగులు బాక్టీరియాకే చేరదు. ఆకులపై, నేలలో, కాలువ నీటిలో ఉన్న అసంఖ్యాక సూక్ష్మజీవులకు కొద్ది మోతాదులో అందుతుంది. వాటిలో తట్టుకున్నవి తమ నిరోధక జన్యువులను ప్లాస్మిడ్‌ల ద్వారా వేరే జాతి బాక్టీరియాకు సైతం అందించగలవు. ఒకే ప్లాస్మిడ్‌పై అనేక మందులను తట్టుకునే జన్యువులు కలిసి ఉండవచ్చు. అప్పుడు ఒక మందు వాడకం తక్కినవాటికీ నిరోధకతను పెంచుతుంది. పైగా మిరపలో తామర పురుగుల వల్ల వచ్చే పైముడతకు, వైరస్ తెగుళ్లకు కూడా ఈ మందును కలిపి కొట్టే అలవాటున్నది. పురుగుపై, వైరస్‌పై యాంటీబయోటిక్ ఏమాత్రం పనిచేయదు. రైతుకు ఖర్చే మిగులుతుంది.

కేంద్ర ప్రభుత్వం 2019లో ఆహారానికి పెంచే జంతువులలో కొలిస్టిన్‌ను నిషేధించింది. 2021 డిసెంబరులో జారీ చేసిన ముసాయిదా ఉత్తర్వులో, వ్యవసాయంలో స్ట్రెప్టోమైసిన్, టెట్రాసైక్లిన్ మిశ్రమం వాడకాన్ని 2024 జనవరి 1 నుండి నిలిపివేయాలని ప్రతిపాదించింది. చట్టం బలవంతపెట్టే వరకు విశ్వవిద్యాలయాలు వేచి ఉండరాదు. మన కరపత్రాలలో, పంచాంగాలలో ఈ మందుల పేర్లు ఎక్కడున్నా తొలగించాలి.

అయితే పేరు కొట్టివేసి చేతులు దులుపుకుంటే నష్టపోయేది రైతే. ఆరోగ్యవంతమైన విత్తనం, విత్తనశుద్ధి, పంట మార్పిడి, తెగులు సోకిన మోళ్ల తొలగింపు, సరైన మొక్కల సాంద్రత వంటి పద్ధతులకు రైతు పొలాలలో దిగుబడి లెక్కలతో రుజువు చూపాలి. తెగులును తట్టుకునే రకాల రూపకల్పనకు, సూడోమోనాస్ వంటి జీవ నియంత్రకాల పరీక్షకు నిధులు కేటాయించాలి. ఆకుపై మచ్చ బాక్టీరియాదో, శిలీంధ్రానిదో రైతు సేవా కేంద్రం స్థాయిలోనే తేల్చి చెప్పే ఏర్పాటు ఉండాలి.

పైరిత్రాయిడ్‌లు విఫలమైనప్పుడు మరో పురుగుమందు దొరికింది. ఇంటెన్సివ్ కేర్‌లోని రోగికి కొలిస్టిన్ తరువాత మిగిలే మందులు వేళ్లపై లెక్కించదగినన్ని కూడా లేవు. ఆ రోగి మన మిరప రైతే కావచ్చు.