బిందె మనది, పానా ఎవరిది?

ఇంట్లో నీళ్ళ పని ఆడవాళ్ళది. కుళాయి పని మాత్రం మగవాళ్ళదట! ఈ పంపకం ఎవరు చేశారో ఎవరూ చెప్పరు. దాచేపల్లిలో నేను వెళ్ళిన ఇళ్ళల్లో నీళ్ళు పట్టేది, మోసేది, వడగట్టేది, తొట్టి కడిగేది అంతా స్త్రీలే. కుళాయి కారడం మొదలైతే మాత్రం "ఆయన రానియ్యండి" అన్నారు. ఆయన వస్తాడు, రేపు చూద్దామంటాడు. ఆ రేపు వచ్చేదాకా కుళాయి మూతికి గుడ్డపీలిక కట్టి, కింద బకెట్టు పెట్టి, నిండినప్పుడల్లా లేచి మార్చేది ఆమే. మిరపకోతల రోజుల్లో తెల్లవారకముందే నీళ్ళు పట్టి, వంట చేసి, ఆటో ఎక్కాల్సిందీ ఆమే.

ఇంతకీ చెడిపోయేది ఏమిటి? చాలాసార్లు కుళాయి లోపలి వాషరు. కొద్ది రూపాయల రబ్బరు ముక్క. దాచేపల్లి, పిడుగురాళ్ళ ప్రాంతం సున్నపురాయి నేల. నీళ్ళు కాచిన గిన్నె అడుగున కట్టే తెల్లటి పెచ్చే కుళాయి లోపలా కడుతుంది. ఆ పెచ్చు మీద వాషరు సరిగా కూర్చోదు, తొందరగా అరుగుతుంది. సెకనుకో చుక్క కారినా రోజుకు లీటర్ల కొద్దీ నీళ్ళు పోతాయి.

దాన్ని మార్చే విద్య ఇంతే. ముందు ట్యాంకు నుంచి వచ్చే గేటువాల్వు కట్టేయాలి. కుళాయి విప్పి గొట్టంలో మిగిలిన నీళ్ళు వదిలేయాలి. పిడి కింద ఉన్న నట్టును పానాతో ఎడమవైపు తిప్పితే లోపలి కడ్డీ పైకి వస్తుంది. దాని అడుగున ఉన్న పాత వాషరు తీసి, అదే కొలతది వేసి, అది కూర్చునే చోట పేరుకున్న సున్నం గీకి, మళ్ళీ బిగించాలి. ఇది పాతరకం తిప్పుడు కుళాయి సంగతి. పావు చుట్టు తిప్పితే ఆగే కొత్తరకం కుళాయిల్లో చాలావాటికి లోపలి కాట్రిడ్జినే మార్చాలి. కుళాయి గొట్టానికి కలిసే మరల దగ్గర కారుతుంటే తెల్లటేపు చుట్టాలి, అదీ మర బిగిసే వైపే. ఎదురు చుడితే బిగించేటప్పుడు ఊడొస్తుంది.

కుక్కరు వాషరు మార్చే చేతులివి. కుట్టుమిషను విప్పి, నూనె వేసి, బిగించే చేతులివి. వంటింట్లో వాషరు ఆడపని, పెరట్లో వాషరు మగపని ఎలా అయింది? దీన్ని శ్రమ విభజన అని మా సామాజిక శాస్త్రం మర్యాదగా పిలుస్తుంది. పనిముట్టును ఒకరి చేతిలోంచి లాక్కుని, ఆ తర్వాత "నీకు చేతకాదు" అనడం అంటే ఇంకా సరిపోతుంది.

చేతకాదన్న మాట ఎప్పుడో అబద్ధమని తేలింది. రాజస్థాన్‌లోని తిలోనియాలోనూ, 1990లలో మహిళా సమాఖ్య కార్యక్రమం కింద ఉత్తరప్రదేశ్‌లోని బాందా జిల్లాలోనూ పల్లె స్త్రీలు చేతిపంపుల మెకానిక్కులయ్యారు. బాందాలో వాళ్ళు ఎక్కువగా దళిత, ఆదివాసీ స్త్రీలు. చాలామందికి అక్షరాలు రావు. ఇండియా మార్క్ టూ పంపు గొట్టాలను భూమిలోంచి పైకి లాగి బాగుచేశారు. వాళ్ళకది సాధ్యమైతే మనకు అరంగుళం కుళాయి అసాధ్యమా?

ఇదంతా ఇంటి చిల్లర విషయమని పెదవి విరిచేవాళ్ళకు ఒక మాట. మన ఊళ్ళలో నీళ్ళు ఏదో కాసేపు వదిలి ఆపేస్తారు. ఆపినప్పుడు ఖాళీ గొట్టం, పగులున్న చోట చుట్టూ ఉన్న మురుగును లోపలికి లాక్కుంటుంది. గొట్టం కాలవ పక్కనే పోతుంటే ఇక చెప్పేదేముంది? 2018 మార్చిలో గుంటూరు పాతబస్తీలో కలుషితమైన నీళ్ళు తాగి అతిసారంతో జనం చనిపోయారు. 2024 అక్టోబరులో దాచేపల్లిలోనే అతిసారం ప్రబలింది. మంచం పట్టిన పిల్లవాడి పక్కన కూర్చుని, కూలి పోగొట్టుకునేది ఎవరో విడిగా చెప్పాలా?

2019లో మొదలైన జల జీవన్ మిషన్ మార్గదర్శకాలు గ్రామ నీటి కమిటీల్లో సగం మంది స్త్రీలుండాలన్నాయి. నీటిని పరీక్షించే కిట్టు వాడటానికి ఊరికి ఐదుగురు స్త్రీలకు శిక్షణ ఇవ్వాలన్నాయి. మంచిదే. నీళ్ళు చెడ్డాయని ఆమె చెబుతుంది. ఆ తర్వాత? గొట్టం బాగుచేయడానికి మళ్ళీ ఒక మగమనిషి కోసం ఎదురుచూస్తుంది.

మన స్నేహితుల్లోనే కొందరికి మరో అభ్యంతరం ఉంది: ఇన్ని పనులు చాలక ఇదీ ఆడవాళ్ళ నెత్తినే పెడతారా అని. దీన్ని తీసిపారేయను. 2019 జాతీయ సమయ వినియోగ సర్వేలో, ఇంటిపని చేసే స్త్రీలు రోజుకు 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు జీతంలేని ఆ పనికి వెచ్చిస్తున్నట్టు తేలింది. మన కుళాయి మనం బాగుచేసుకుంటే ఆ 299కి ఇంకో పది కలుస్తాయి, నిజమే. కానీ గుడ్డపీలిక, బకెట్టు, ఎదురుచూపు ఇప్పుడు ఏ లెక్కలో పడుతున్నాయి? పైగా నేనడిగేది ఉచిత సేవ కాదు. మగవాడు చేస్తే కూలి, ఆడది చేస్తే సంసార బాధ్యత అనే లెక్క ఇక్కడా మొదలైతే మాత్రం పానా పట్టొద్దనే చెబుతాను.

ఇంటి కుళాయితో ఆగే విషయం కూడా కాదు. ఏ వీధికి ఎంతసేపు నీళ్ళో వాల్వు తిప్పే చెయ్యి నిర్ణయిస్తుంది. గొట్టం చివరన ఉన్న వాడకు ధార సన్నగిల్లితే అడిగేది ఎవరిని? మన ప్రాంతంలో నీళ్ళ దగ్గర ప్రశ్నించడం తేలిక కాదు. 1985 జులైలో కారంచేడులో మంచినీళ్ళు మురికి చేయొద్దన్నందుకు మొదలైన గొడవలో మున్నంగి సువార్త బిందె ఎత్తి ఎదురు నిలిచింది. మర్నాడు దళితవాడ మీద పడి ఆరుగురిని చంపారు. ఆ బిందె బరువు తెలిసినవాళ్ళం, వాల్వు ఎవరి చేతిలో ఉందని అడగకుండా ఎలా ఉంటాం?

కాబట్టి పొదుపు సంఘాల సమావేశాల్లో అప్పు వాయిదాల తర్వాత ఈ విషయమూ మాట్లాడండి. సంఘం డబ్బుతో ఒక మార్చే పానా, ఒక పైపు రెంచి, నాలుగు టేపు చుట్టలు, ఒక పొట్లం వాషర్లు కొని అందరికీ అందేచోట ఉంచండి. ఐటీఐలో ప్లంబరు కోర్సు ఏడాదే, అందులో ఆడపిల్లలను చేర్చండి. ఈసారి దాచేపల్లి నగర పంచాయతీలో నీటి సరఫరాకు ఫిట్టర్లను తీసుకునేటప్పుడు పదిమంది కలిసి వెళ్ళి, స్త్రీల దరఖాస్తు తీసుకుంటారా లేదా అని రాతపూర్వకంగా అడగండి. కాదంటే ఎందుకు కాదో అదీ రాతలోనే ఇమ్మనండి.