బట్ట వెల – మనుష్యుని వెల

ఆఫ్రికాఖండపు పశ్చిమతీరమున, నేటి ఘానాదేశములో, ఎల్మినా యను రేవు కలదు. పోర్చుగీసువారు 1482లో అచట కోట కట్టిరి. డచ్చివారు 1637లో దానిని వశపఱచుకొనిరి. 1872లో అది ఆంగ్లేయుల పరమయ్యెను. బంగారమునకై కట్టిన యా కోట క్రమముగా మనుష్యులను బంధించి యోడల కెక్కించు కొట్టుగా మారినది. అట్టి రేవులనుండి అట్లాంటిక్ మహాసముద్రము మీదుగా తరలింపబడినవారు సుమారు 1 కోటి 25 లక్షలనియు, ఆవలి యొడ్డున ప్రాణములతో దిగినవారు సుమారు 1 కోటి 7 లక్షలనియు చరిత్రకారులు ఓడల పత్రములనుండి లెక్క తేల్చినారు. తక్కినవారు సముద్రము పాలైరి.

ఈ దారుణకథతో గుంటూరు సీమ ప్రత్తిరైతున కేమి సంబంధమని పాఠకులు ప్రశ్నింపవచ్చును. సంబంధము కలదు.

మనుష్యుని కొనుటకు వెల చెల్లింపవలెను గదా! తుపాకులు, సారాయి, ఇనుము, గవ్వలు – ఇవన్నియు ఆ వెలలో నుండెను. కాని వీని యన్నింటికంటె మిన్నగా చెల్లినది బట్ట. అందును హిందూదేశపు నూలుబట్ట. రంగు వెలియనిది, ఉతికినకొలది మెఱయునది యగు మన బట్టకు ఆఫ్రికా తీరమున నున్న గిరాకి మఱి దేనికిని లేకుండెను.

బాపట్ల తీరమున నేడు చేపల రేవుగా నున్న నిజాంపట్టణమునకు పూర్వనామము పెద్దపల్లి. యూరపియనుల నోట అది పెటపోలి యయ్యెను. డచ్చివారు 1606లో అచట వర్తకస్థానము నెలకొల్పిరి. ఆంగ్లేయుల 'గ్లోబు' ఓడ 1611లో ఈ రేవునకు వచ్చి, పిదప మచిలీపట్టణము చేరినది. చిరివేరుతో ఎఱ్ఱరంగు వేసిన మన బట్టలే వారి నిచటికి రప్పించినవి. తొలుత ఆ బట్టలు తూర్పుదీవులలో సుగంధద్రవ్యములకు మారకముగా చెల్లినవి. తరువాత కోరమండల తీరపు సరకు ఆంస్టర్‌డాము, లండను వేలములకు పోయెను. ఆ వేలములలో కొన్నవారిలో ఆఫ్రికా వర్తకులు ముఖ్యులు. 1700, 1721 సంవత్సరములలో ఆంగ్లపార్లమెంటు మన అద్దకపు బట్టలను స్వదేశీయులు ధరింపరాదని శాసించెను గాని, వానిని పరదేశములకు మరల నెగుమతి చేయుటను మాన్పలేదు. తమ వారి యొంటిపై నిషిద్ధమైన బట్ట ఆఫ్రికా మనుష్యుని వెలగా మాత్రము పనికివచ్చెను. ఇంతకంటె వర్తకనీతికి వ్యాఖ్యాన మేల?

మన సాలెవాని దోష మిందేమియు లేదు. తన బట్ట ఏ తీరమున దేనికి మారకమగునో ఆతడెఱుగడు. ఆతడు సైతము కట్టువడినవాడే. కంపెనీ మనుష్యులు ముందుగా బయానా నిచ్చి, ఆ బాకీ తీఱువఱకు మఱియొకరికి నేయరాదని యాతని నిర్బంధించిరి. ఒకచోట గొలుసు, ఒకచోట బయానా. రెండింటి కొనలును ఒకే వర్తకుని చేత నుండెను.

బానిసల యెగుమతిని ఆంగ్లేయులు 1807లో నిషేధించిరి. 1833లో బానిసత్వమునే రద్దుచేయుచు చట్టము చేసిరి. కాని చెఱకుతోటలు పోలేదు. వానికి కూలీలు కావలసివచ్చిరి. సరిగా ఆ కాలముననే, 1832–33లో, గుంటూరు సీమను నందన కరువు మ్రింగెను. ఆ సీమ జనములో పెద్దభాగము మడిసిరని ఆనాటి లెక్క. 1834 నవంబరు 2వ తేదీన 'అట్లాసు' ఓడ కలకత్తానుండి కూలీలతో మారిషసు చేరెను. తరువాతి సంవత్సరములలో గోదావరి ముఖమున నున్న కోరంగి రేవునుండి మన తెలుగువారును ఆ త్రోవనే పోయిరి. బర్మాలో తెలుగు కూలీకి 'కోరంగి' యను పేరే నిలిచిపోయెను. ఒక రేవు పేరు ఒక జాతికి తిట్టుగా మారుట కంటె దైన్య మేమున్నది? ఒడంబడికపై వ్రేలిముద్ర వేయించి, బానిసలు విడిచిన కొట్టములలోనే ఆ కూలీలను కాపురముంచిరి. గోఖలే, మాలవ్యా ప్రభృతులు శాసనసభలో పోరాడగా, 1917లో గాని ఆ యెగుమతి నిలువలేదు.

మోటుపల్లి రేవున గణపతిదేవుడు 1244లో వేయించిన అభయశాసనమును మనము గర్వముతో స్మరింతుము. ఓడ పగిలిన వర్తకుని సొత్తును రాజు హరింపరాదని చాటిన శాసనమది, గర్వింపదగినదే. కాని సొత్తున కభయ మిచ్చిన తీరమున మనుష్యునికి అభయమిచ్చు శాసన మేదీ? 1976 నాటి వెట్టిచాకిరి నిర్మూలన చట్టమే యది. ఆ శాసనమును శిలపై గాక పొలముగట్టుపై చదువవలసినవారు భూస్వాములు.

నేడు మిరపకోతల కాలమున కర్నూలు మెట్టప్రాంతములనుండి కుటుంబములకు కుటుంబములే మన పొలములకు వచ్చుచున్నవి. మేస్త్రీ చేతిలో పెట్టిన బయానా ఆ కుటుంబమును కదలనీయని కట్టుగా ఎచట మారునో, అచట నిజాంపట్టణపు పాతలెక్క మరల తెఱువబడినట్లే. ఏ పూట కూలి ఆ పూట కోసినవారి చేతనే పెట్టుడు. పోదలచిన వారిని బాకీ పేర నిలుపకుడు. వారి బిడ్డలను కల్లములలో గాక బడులలో నుంచుడు. ఇది దానము కాదు, ధర్మము.

ఎల్మినా కోటను యునెస్కో 1979లో ప్రపంచవారసత్వ స్థలముగా గుర్తించెను. మారిషసులో మన కూలీలు దిగిన మెట్లకు 2006లో ఆ గౌరవమే లభించెను. నిజాంపట్టణమునను కోరంగినను ఈ కథ దెలుపు నొక్కొక్క శిలాఫలకమైన నిలుప వలదా? బట్ట కీర్తిని వ్రాసికొన్న జాతి, ఆ బట్టకు మారకముగా పోయిన మనుష్యుని సైతము వ్రాసికొనవలెను. అప్పుడే ఆ లెక్క పూర్తియగును.