లారీలున్నాయి, నడిపేవారే లేరు

డ్రైవర్లు దొరకక లారీలు షెడ్లలో నిలిచిపోతున్నాయని యజమానుల సంఘాలు కొన్నేళ్లుగా మొరపెట్టుకుంటున్నాయి. ఆ మొర అబద్ధం కాదు. మా పేచీ అంతా దానికి చెబుతున్న కారణంతోనే. ఇప్పటి కుర్రాళ్లకు ఒళ్లు వంగదని, సెల్‌ఫోను పట్టుకున్న చేయి స్టీరింగు పట్టదని అంటున్నారు. ఇదే మాట మసీదు మెట్ల మీద మన పెద్దల నోట కూడా వినిపిస్తోంది కనుక ఈ నెల దీని గురించి రాయవలసి వచ్చింది.

లారీతో మనవారి అనుబంధం పాతది. ముస్లిం శ్రామికులు అధికంగా ఉన్న రంగాలలో భూమార్గ రవాణానూ, మోటారు మరమ్మతులనూ 2006 నాటి సచార్ కమిటీ నివేదిక పేర్కొంది. విజయవాడ ఆటోనగర్‌లో ఒక పూట తిరిగినవారికి ఆ నివేదిక కూడా అక్కరలేదు. ఈ వ్యాసకర్త ఏళ్ల తరబడి పిల్లలకు స్కాలర్‌షిప్ దరఖాస్తులు నింపిపెట్టాడు. తండ్రి వృత్తి అన్న గడిలో ‘డ్రైవర్’ అని రాయించిన తండ్రులు ఎందరో. వారిలో చాలామంది చెప్పింది ఒక్కటే: వీడు ఏం చదివినా సరే, లారీ మాత్రం ఎక్కకూడదు. ఆ వృత్తి లోతు తెలిసినవారే తమ బిడ్డలను దానికి దూరంగా ఉంచుతుంటే, తప్పు బిడ్డల సోమరితనంలో వెతకడం ఏం న్యాయం? రాయచోటి, కడప ప్రాంతాల నుంచి కువైట్ వెళ్లి, ఆ ఎండలో ఇళ్ల డ్రైవర్లుగా పనిచేస్తున్నది కూడా ఈ బిడ్డలే కదా!

లారీ రంగానికి ఒకప్పుడు వేరే శిక్షణ సంస్థ లేదు. క్లీనరు పనే బడి. టైర్లలో గాలి చూడడం, టార్పాలిన్ కప్పి తాళ్లు బిగించడం, బండి వెనక్కి తీసేటప్పుడు దిగి దారి చూపడం, ఘాట్‌లో ఏ గేరు ఎక్కడ వేయాలో పక్క సీటులో కూర్చుని కనిపెట్టడం, ఇలా నాలుగైదేళ్లు గడిచాక ఉస్తాద్‌కు నమ్మకం కుదిరితే ఖాళీ రోడ్డు మీద స్టీరింగు చేతికిచ్చేవాడు. ఆ బడిలో తిట్లూ దెబ్బలూ ఉండేవి. బడి ఈడు పిల్లలు కూడా ఉండేవారు. దానిని పొగడడం మా ఉద్దేశం కాదు. అయితే దాని స్థానంలో మరొకటి రాకుండానే అది మూతపడింది. డీజిల్ ధర, టోల్, ఫైనాన్స్ వాయిదా యజమాని చేతిలో లేవు. చేతిలో ఉన్నది మనిషి మీద పెట్టే ఖర్చు ఒక్కటే. దానినే తగ్గించుకుని చాలామంది క్లీనరును మానిపించారు. ఈనాటి డ్రైవరు కొరతలో కొంత ఆనాడు మిగుల్చుకున్న క్లీనరు జీతమే.

మిగిలిన డ్రైవరు ఒంటరివాడయ్యాడు. రాత్రి నిద్ర తూలితే పలకరించేవారు లేరు. బండి ఆపి పడుకుంటే డీజిల్ దొంగలను కాచేవారు లేరు. ఫ్యాక్టరీ గేటు ముందు లోడు కోసం రెండు రోజులు నిలబడినా చాలాచోట్ల ఆ రోజులకు బత్తా రాదు. రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అన్న పరిమితిని మోటారు రవాణా కార్మికుల చట్టం 1961లోనే పెట్టింది. కానీ అది ఐదుగురికి తక్కువ కాకుండా కార్మికులున్న సంస్థలకే వర్తించిన చట్టం. ఒకటి రెండు బండ్ల యజమానులే ఎక్కువగా ఉన్న ఈ రంగంలో అది ఎందరిని కాపాడి ఉంటుందో ఊహించుకోవచ్చు.

ప్రభుత్వం ఏమీ చేయలేదని అనలేము. ఎనిమిదో తరగతి పాసై ఉండాలన్న లైసెన్సు నిబంధనను 2019లో ఎత్తివేసింది. 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే మధ్యతరహా, భారీ లారీల క్యాబిన్లకు ఏసీ తప్పనిసరి చేసింది. మంచివే. అయినా తలుపు తెరిచినంత మాత్రాన లోపలికి రావాలని ఎవరికీ అనిపించడం లేదు. పైగా భారతీయ న్యాయ సంహిత 106(2) సెక్షన్, ప్రమాదం చేసి పోలీసులకు తెలపకుండా పారిపోతే పదేళ్ల వరకు జైలు అంది. 2024 జనవరిలో డ్రైవర్లు సమ్మెకు దిగాక, ఆ సెక్షన్‌ను పక్కన పెట్టారు. చక్రాల కింద బిడ్డను పోగొట్టుకున్న తల్లికి న్యాయం జరగాలి. అందులో రెండో మాట లేదు. అయితే బండి ఆపితే గుంపు చేతిలో ప్రాణం పోతుందన్న భయానికి ఆ సెక్షన్‌లో జవాబు లేదు.

గుంపు భయం అందరు డ్రైవర్లకూ ఉంది. మన పేరున్న డ్రైవరుకు అది రెండింతలు. 2015 అక్టోబరులో ఉధంపూర్ దగ్గర గోహత్య పుకారు నేపథ్యంలో లారీ మీద పెట్రోలు బాంబు వేస్తే, అందులో ఉన్న కశ్మీరీ ముస్లిం యువకుడు ఒకడు కాలిన గాయాలతో కన్నుమూశాడు. అప్పటినుంచి ఉత్తరాది లోడు అంటే ఇక్కడి తల్లులు కూడా ఏం సరుకు అని ముందు అడుగుతున్నారు. యజమానుల సంఘాల వినతిపత్రాలలో కొరత కారణాల కింద ఈ ఒక్కటీ మాకు ఎన్నడూ కనిపించలేదు.

భారీ వాహనాల శిక్షణకు మన యువకులకు మైనారిటీ ఆర్థిక సంస్థలు సాయం చేయాలన్న కోరికను మేము సమర్థిస్తాం, ఒక షరతు మీద. శిక్షణ పొందినవాడిని చేర్చుకునే యజమాని రాతపూర్వక నియామక పత్రం, బ్యాంకు ఖాతాలో నెల జీతం, ప్రమాద బీమా, నిలిచిన రోజులకు బత్తా ఇవ్వాలి. కూలీ ఎంతో ముందు చెప్పకుండా మనిషిని పనిలో పెట్టుకోవద్దన్నది మన దీన్ నేర్పిన పద్ధతి. లారీలున్న ముస్లిం యజమానులు ప్రభుత్వ ఉత్తర్వు కోసం ఎదురుచూడకుండా మొదలుపెట్టవచ్చు.

ప్రభుత్వంతో పనిలేకుండా మనం చేయగలిగినది మరొకటి ఉంది. జాతీయ రహదారుల పక్కన మన మసీదులు చాలా ఉన్నాయి. ఇషా తరువాత గేటుకు తాళం వేసే బదులు మరుగుదొడ్డి, నీళ్లు, పడుకోవడానికి ఒక వరండా ఏ మతం డ్రైవరుకైనా తెల్లవారేదాకా తెరిచి ఉంచమని కమిటీలను కోరుతున్నాం. అలా తెరిచే మసీదు పేరు, ఏ ఊరి దగ్గర ఉందో, లారీ ఆపడానికి స్థలం ఉందో లేదో రాసి పంపితే వచ్చే సంచిక నుంచి అచ్చువేస్తాం.