గాయం మానాకే డ్యూటీ



కార్డింగులో వేలు నలిగినా, జీన్స్ కుట్టే సూది దిగినా మర్నాడే కట్టుతో పనిలోకొస్తున్నాం. కూలి పోతుందన్న భయమే కారణం. ఇ.ఎస్.ఐ. ఉన్నవారికి పనిలో దెబ్బతగిలితే, ప్రమాదం రోజు కాక కనీసం మూడు రోజులు డాక్టరు విశ్రాంతి రాస్తే, సగటు కూలిలో 90 శాతం భృతి వస్తుంది. తొందరపడి చేరితే అదీ పోతుంది.

ప్రమాదాన్ని ఆరోజే రిజిస్టరులో రాయించండి. లేకుంటే ఇంట్లో తగిలిన దెబ్బంటారు. బళ్ళారిలో కన్నడం మాట్లాడినా చదవలేనివాళ్లం ఎందరమో ఉన్నాం. తిరిగి చేరేనాడు ఇచ్చిన కాగితం చదివించుకోకుండా సంతకం పెట్టొద్దు. అది రాజీనామా కావచ్చు. ఫిట్ సర్టిఫికెట్‌తోనే రండి. పాత పని చేయలేకపోతే తేలిక పని ఇమ్మని యూనియన్ తరఫున కలిసి అడుగుదాం.

మిల్లుకు మరో మనిషి దొరుకుతాడు. మనకు మరో చెయ్యి మొలవదు.